సింగ్‌నగర్ నుండి కొండవీటి దాకా: పనికిరాని చెత్త ప్రయాణం

పూర్వం కృష్ణా డెల్టా పల్లెల్లో పారవేయవలసిన చెత్త అత్యల్పం. పేడ, బూడిద, ఊక, ఆకు అలము దిబ్బకు చేరి, వేసవిలో బండ్లకెక్కి పొలానికి ఎరువయ్యేవి. 1888లో బెజవాడ పురపాలక సంఘం ఏర్పడిన నాటికి పట్టణపు చెత్తలోనూ అధికభాగం మట్టిలో కలిసిపోయేదే. పలుచని ప్లాస్టిక్ సంచులు, రెక్సిన్, థర్మోకోల్ వాడుకలోకి వచ్చిన పిమ్మట దిబ్బ కరగడం మానింది. పాతసామాన్ల వ్యాపారి సైతం కొనని ఈ మిగులును ఏం చేయాలన్నదే నాటినుండి నగరపు సమస్య.

మొదటి మార్గం గుట్టగా పోయడం. విజయవాడ చెత్త ఏళ్ల తరబడి అజిత్‌సింగ్ నగర్‌లో పేరుకుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన పల్లపు ప్రాంతమది. చెత్తకుప్పకు ఆ నేల ఎంత తగనిదో దీనినిబట్టే గ్రహించవచ్చు. అడుగున రక్షణ పొర లేని గుట్టనుండి ఊరే మురుగు, భూగర్భజలం పైపైనే ఉండే డెల్టా నేలలో సులువుగా ఇంకుతుంది.

రెండవ మార్గం దహనం. విజయవాడ, గుంటూరుల చెత్త ఆధారంగా 6 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 2003లో ప్రారంభమైంది, కాని నిలదొక్కుకోలేదు. మన చెత్తలో దాదాపు సగం తడిపదార్థమే. తడి చెత్త సరిగా మండదు. ఇటువంటి కేంద్రాలకు కొత్త రాయితీలను నిలిపివేయమని 2005లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2007లో ఆ ఆంక్షను సడలించింది.

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఒక హద్దు గీశాయి. పునర్వినియోగానికి రాని వ్యర్థం కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి ఉష్ణమిచ్చేదైతే దానిని పూడ్చరాదని, ఇంధనంగానే వాడాలని అవి నిర్దేశించాయి. 2022లో కొండవీటి సమీపాన ప్రారంభమైన 15 మెగావాట్ల కేంద్రం విజయవాడ, గుంటూరు తదితర పట్టణాల చెత్తకు ఉద్దేశించినది. బదిలీ కేంద్రంలో చిన్న బండ్ల చెత్తను పెద్ద వాహనాలకు ఎక్కించి అటువంటి చోటికి తరలిస్తారు.

వైద్యుని దృష్టిలో దహనంతో చెత్త అంతరించదు, రూపం మారుతుంది. తడి వలన కొలిమి వేడి తగ్గితే, పీవీసీ వంటి క్లోరిన్ గల ప్లాస్టిక్‌లనుండి డయాక్సిన్లు పుట్టే అవకాశం హెచ్చు. బ్యాటరీలలోని సీసం, కాడ్మియం బూడిదలో మిగులుతాయి. ఆ బూడిదను అడుగున పొర పరచిన గోతిలోనే భద్రపరచాలి. నగరంలో మనం విడదీయని చెత్త దుష్ఫలితాన్ని తొలుత అనుభవించేవారు బదిలీ కేంద్రపు కార్మికులు, కొలిమి చుట్టుపక్కల గ్రామస్థులు.

కాబట్టి కూరగాయల తొక్కలు, అన్నం, పూలు తడిబుట్టలో వేయండి. కాగితం, ప్లాస్టిక్, లోహం పొడిబుట్టలోకి వెళ్లాలి. శానిటరీ ప్యాడ్లను, డైపర్లను కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి. బ్యాటరీలు, పగిలిన థర్మామీటర్లు, గడువు తీరిన మందులు మరొక డబ్బాలో ఉంచి, హానికర వ్యర్థాలుగా చెప్పి అప్పగించండి. వీధి చివర ఆకులు, కవర్లు కుప్పచేసి కాల్చవద్దు. ఆ పొగకు వడపోత లేదు, అది చేరేది మన ఇళ్లలోని పసివారి, ఉబ్బస రోగుల ఊపిరితిత్తులకే.