రేలా పాట నుంచి యూరోవిజన్ దాకా: పాటల పోటీ, నవ్వు, ఆత్మగౌరవం

మెయిన్స్‌కు చదివేటప్పుడు మనం సంస్కృతిని ఒక నోట్‌బుక్‌లో, గిరిజన హక్కులను ఇంకో నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఒకటి జీఎస్ పేపర్-1, మరొకటి పేపర్-2. కానీ చరిత్రలో ఈ రెండూ ఒకే వేదిక మీద కలిసిన సందర్భాలున్నాయి. ఈ వ్యాసంలో అలాంటి రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఉత్తర ఐరోపా, రెండోది మన భద్రాచలం అవతలి ఒడ్డున ఉన్న బస్తర్.

హేగ్‌లో వినిపించిన జోయిక్

యూరోవిజన్ పాటల పోటీ 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 7 దేశాలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాలను టెలివిజన్ ద్వారా ఒక రాత్రి ఒకే కార్యక్రమం ముందు కూర్చోబెట్టే ప్రయత్నం అది.

1980లో ఈ పోటీ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో జరిగింది. నార్వే తరఫున స్వెర్రె షెల్స్‌బర్గ్ నార్వేజియన్‌లో పాడుతుండగా, సామీ తెగకు చెందిన మట్టిస్ హెట్టా సంప్రదాయ దుస్తుల్లో వచ్చి 'జోయిక్' అందుకున్నాడు. జోయిక్ అంటే సామీల ప్రాచీన గాన పద్ధతి. అందులో చాలాసార్లు మాటలకన్నా స్వరమే ముఖ్యం.

ఆ పాట వెనుక ఒక పోరాటం ఉంది. నార్వే ఉత్తర ప్రాంతంలోని ఆల్టా నదిపై ప్రభుత్వం జలవిద్యుత్ ఆనకట్ట తలపెట్టింది. రెయిన్‌డీర్ మేత భూములు పోతాయని సామీలు వ్యతిరేకించారు. 1979లో ఓస్లోలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహార దీక్షకు కూర్చున్నారు. మరుసటి ఏడాది వారి గొంతు యూరప్ ఇళ్లలోకి పాటగా వెళ్లింది. ఫలితం మాత్రం 19 దేశాల్లో 16వ స్థానం!

ఆనకట్ట కూడా ఆగలేదు, 1980లలో పూర్తయింది. కానీ ఉద్యమం వృథా కాలేదు. 1980లోనే సామీ హక్కులపై ఒక కమిటీ ఏర్పడింది. 1987లో సామీ చట్టం, 1988లో రాజ్యాంగ సవరణ, 1989లో సామీ పార్లమెంటు వచ్చాయి. 1990లో ఆదివాసీ హక్కులపై ఐఎల్ఓ 169వ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం నార్వేనే. (భారత్ 1958లో పాత 107వ ఒప్పందాన్ని ఆమోదించింది, 169ని ఆమోదించలేదు. ఈ తేడా ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి.)

ఇదంతా పాట వల్లే వచ్చిందని అనలేం. దీక్ష, కోర్టు కేసులు, సంఘాలు, కమిటీలు కలిసి తెచ్చిన ఫలితం అది. ఏళ్ల తరబడి చిన్నచూపు చూసిన గొంతును దేశం తన ప్రతినిధిగా పంపడం మాత్రం మారుతున్న కాలానికి గుర్తు. 2019లో నార్వే బృందం కెయినో జోయిక్ కలిపిన పాటతో మళ్లీ వెళ్లింది. ఈసారి ప్రేక్షకుల ఓట్లలో అదే మొదటి స్థానం.

ఓడినా నవ్వగలగడం

ఈ పోటీలో స్కాండినేవియా వాళ్ల ప్రత్యేకత గెలుపు ఒక్కటే కాదు. స్వీడన్ 1974లో అబ్బా బృందంతో మొదలుపెట్టి 2023 నాటికి 7 సార్లు గెలిచి ఐర్లాండ్‌తో సమానంగా నిలిచింది. అదే స్వీడన్ 2016లో ఆతిథ్యం ఇచ్చినప్పుడు, పోటీలో ఎలా గెలవాలో చెబుతూ ఆ పోటీనే వెక్కిరించే పాటను వ్యాఖ్యాతలతో వేదిక మీద పాడించింది.

నార్వే కథ ఇంకా ముచ్చటైనది. 1978లో యాన్ టైగెన్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు. సొంత దేశంలో ఆయన్ను తిట్టిపోయలేదు సరికదా, నెత్తిన పెట్టుకున్నారు. 1981లో మళ్లీ సున్నా. 1985లో పక్కింటి స్వీడన్ గడ్డ మీదే, గోథెన్‌బర్గ్‌లో, నార్వే మొదటిసారి గెలిచింది.

2025లో స్వీడన్ పంపిన బృందం 'కాజ్' నిజానికి ఫిన్లాండ్‌లోని స్వీడిష్ మాట్లాడే అల్పసంఖ్యాక వర్గానిది. వాళ్లు తమ ఊరి యాసలో ఆవిరి స్నానం మీద సరదా పాట పాడి నాలుగో స్థానంలో నిలిచారు. స్వీడన్ తన భాషలో పాట పంపడం 1998 తర్వాత అదే మొదలు. గంభీరమైన ఇంగ్లిష్ పాటలు తేలేని గౌరవాన్ని ఒక పల్లె యాస, ఒక జోకు తెచ్చాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తన మీద తాను నవ్వుకోవడం ఆత్మగౌరవం ఉన్నవాడి లక్షణం. ఎదుటివాడు నవ్వితే అది అవమానం. కాబట్టి నవ్వు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నతోనే బస్తర్‌కు వద్దాం.

బస్తర్‌లో పోటీ కొత్తది కాదు

అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ కన్నా పెద్దది. ఇప్పుడది 7 జిల్లాలు. సంప్రదాయం ప్రకారం, ఓరుగల్లు పతనం తర్వాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడు. గోండి, దోర్లీ, ధుర్వా ద్రావిడ భాషలు. హల్బీ, భత్రీ ఇండో-ఆర్యన్ భాషలు. సుక్మా వైపు దోర్లాలకూ మన కోయలకూ మధ్య ఉన్నది మ్యాపు మీది గీత మాత్రమే.

మురియా గోండుల 'ఘోటుల్' యువతీ యువకుల సామాజిక కేంద్రం. దాన్ని స్థాపించినవాడు లింగో అని వారి నమ్మకం. ఆయన 18 వాయిద్యాలను ఒకేసారి వాయించాడని కథ. అంటే వారి పురాణంలో మూలపురుషుడే ఒక సంగీతకారుడు! హుల్కీ పాటల్లో ఒక జట్టు ప్రశ్న వేస్తే మరో జట్టు జవాబు చెప్పాలి. పూస్ కోలాంగ్ వేళ ఒక ఊరి యువకుల బృందం కర్రలతో ఆడుతూ ఊరూరూ తిరుగుతుంది.

ఈ పాటల్లో ఎకసెక్కాలకు కొదవ ఉండదు. ఇది మనకు కొత్తేమీ కాదు. తెలుగు పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆడిపోసుకునే పాటలు, బావా మరదళ్ల సరసాలు గుర్తు చేసుకోండి. గోండుల్లోనూ మేనరికం ఉంది, కాబట్టి పరాచికాలాడే వరసలూ ఉన్నాయి. ఆ నవ్వుకు హద్దులు ఎక్కడో లోపలివాళ్లకు తెలుసు.

బయటివాళ్లు వచ్చాక ఈ హద్దు చెరిగింది. వెరియర్ ఎల్విన్ 1947లో 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్' ప్రచురించాడు. అందులో పాటలు, ఆటలు, పొడుపుకథలు, క్రమశిక్షణ నియమాలు అన్నీ ఉన్నాయి. కానీ తర్వాత వచ్చిన చాలామంది రచయితలు, ఫొటోగ్రాఫర్లు అందులోంచి లైంగిక అంశాన్ని ఒక్కదాన్నే ఏరుకున్నారు. మన సినిమాలూ తక్కువ తినలేదు. ఆకులు కట్టించి, అర్థం లేని అక్షరాలు పలికించి, 'కోయదొర' పేరుతో దశాబ్దాలుగా నవ్వించాయి. ఆ నవ్వులో కోయలకు వాటా లేదు.

తెలుగు తెర మీద రేలా

'రే రేలా' అనేది గోండి, కోయ పాటల్లో పదేపదే వచ్చే పల్లవి. మన టెలివిజన్‌లో జానపద పాటల పోటీ పెట్టినప్పుడు మా టీవీ దానికి పెట్టుకున్న పేరు 'రేలా రే రేలా'. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ వంటి కవులు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. అప్పటిదాకా పాటల పోటీ అంటే సినిమా పాటే. ఈ కార్యక్రమంతో పల్లె యాసలు సిగ్గుపడకుండా తెర మీదికి వచ్చాయి. తెలంగాణ యాసను సినిమాల్లో హాస్యానికి, విలన్లకు కేటాయించిన కాలంలో అది చిన్న విషయం కాదు. అయితే పేరు అడవి నుంచి వచ్చినంత సులువుగా అడవి భాష తెరకెక్కలేదు.

పోటీ రాజకీయంగా మారడానికీ మన దేశంలో ఉదాహరణ ఉంది. 2007లో ఇండియన్ ఐడల్ విజేతగా డార్జిలింగ్‌కు చెందిన ప్రశాంత్ తమాంగ్ నిలిచాడు. ఆయన కోసం కొండల్లో ఓట్ల ఉద్యమమే నడిచింది. అక్టోబరులో గూర్ఖా జనముక్తి మోర్చా పుట్టింది. గూర్ఖాలాండ్ డిమాండ్ అంతకు చాలా ముందు నుంచీ ఉన్నదే, పాట దానికి జనాన్ని కూడగట్టింది.

బస్తర్ పండుమ్

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'బస్తర్ పండుమ్' నిర్వహించింది. పండుమ్ అంటే గోండిలో పండుగ. తెలుగు మాటకు దగ్గరి చుట్టం. బ్లాక్, జిల్లా, డివిజన్ స్థాయుల్లో నృత్యం, పాట, నాటకం, వాయిద్యాలు, వేషభూషణాలు, హస్తకళలు, వంటకాలు వంటి విభాగాల్లో పోటీలు జరిగాయి. ఏప్రిల్ 5న దంతెవాడలో ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి హాజరయ్యారు.

దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. సల్వాజుడుం నాటి నుంచి తుపాకుల వార్తలకే పరిమితమైన ప్రాంతంలో యువత పాట కోసం గుమిగూడటం మంచి పరిణామం. మరోవైపు, రాత్రంతా సాగే రేలా పాటను వేదిక మీద నిమిషాలకు కుదించాలి. అందరూ ఆడే ఆటలో కొందరు ప్రేక్షకులవుతారు, ఇంకొందరు మార్కులు వేస్తారు. ఆ మార్కులు వేసేవారికి గోండి వచ్చా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

వేదిక దొరికింది, హక్కు సంగతేంటి?

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా ఉన్నవారు సుమారు 29.8 లక్షలు. బోడో మాట్లాడేవారు సుమారు 14.8 లక్షలు. బోడో, సంతాలీలు 2003 నాటి 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చేరాయి. గోండి ఇంకా బయటే ఉంది. సంఖ్య ఒక్కటే చాలదని దీన్నిబట్టి అర్థమవుతుంది. గోండులు పలు రాష్ట్రాల మధ్య చీలిపోయారు. వారి భాషకు సొంత రాష్ట్రం లేదు, అందరూ ఒప్పుకున్న ఒకే లిపీ లేదు.

మరో చిక్కు మన గడప దగ్గరే ఉంది. 2005 తర్వాత హింసకు భయపడి బస్తర్ నుంచి వేలమంది ఉమ్మడి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. వారిని మనం గుత్తికోయలు అంటాం. సల్వాజుడుంలో ప్రత్యేక పోలీసు అధికారుల నియామకాన్ని సుప్రీంకోర్టు 2011లో రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది, కానీ వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 342వ అధికరణ కింద షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. వలస వెళ్లినవారికి ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే సరిహద్దు దాటిన గుత్తికోయకు ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు.

మా ఊరి వైపు మిరప కోతలకు వాళ్లు ఏటా వస్తారు. సాయంత్రం కళ్లం దగ్గర ఆడవాళ్లు చేతులు పట్టుకుని రేలా అందుకుంటే మా ఊరి కోయ ముసలమ్మలు వెళ్లి కలిసేవారు. అడుగు తప్పినవాళ్లను చూసి అందరూ పగలబడి నవ్వేవారు, తప్పినవాళ్లతో సహా. ఎవరు ఏ రాష్ట్రమని అక్కడ ఎవరూ అడగలేదు. మర్నాడు అంగన్‌వాడీలో, బడిలో, ఆఫీసులో అడిగేవారు.

ముగింపు

సామీల అనుభవం మనకు చెప్పేదేమిటి? 16వ స్థానం వచ్చిన పాట ఓడిపోలేదు, ఎందుకంటే దాని వెనకే చట్టం, రాజ్యాంగ సవరణ, ఎన్నికైన పార్లమెంటు వచ్చాయి. బస్తర్‌లో ఇప్పుడు వేదికలున్నాయి, బహుమతులున్నాయి. వాటి వెనక ప్రాథమిక బడిలో గోండి, 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభకు నిజమైన మాట, వలస వెళ్లినవారికి కనీస గుర్తింపు రావాలి. అవి వస్తే పండుమ్‌లో పాడే పిల్ల తన మాటలతో తానే నవ్విస్తుంది. రాకపోతే, పాత సినిమాల్లోలాగే, ఆమెకు అర్థం కాని నవ్వు మధ్య నిలబడుతుంది.

సాధన ప్రశ్న: "సాంస్కృతిక గుర్తింపు రాజకీయ హక్కులకు తొలిమెట్టు కాగలదు, ప్రత్యామ్నాయం కాలేదు." మధ్య భారత ఆదివాసీల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)