బడిలో బూట్ల చప్పుడు

అమెరికాలో ఉండే మా ఫూఫీ కూతురు మొన్న ఫోన్ చేసింది. "భాయిజాన్, మా వాడు తొమ్మిదిలోకి వచ్చాడు. మేం అడగకుండానే ఫౌజీ క్లాసులో వేశారు. వాడికి ఇష్టం లేదు. వద్దనొచ్చా?" అంది.

అడుగమ్మా అన్నాను. ఈ సవాల్ కొత్తది కాదు, దీనికి నూరేళ్ళ తారీఖ్ ఉంది.

ఆ క్లాసు పేరు జేఆర్ఓటీసీ. మొదటి ప్రపంచ జంగ్ జరుగుతుండగా, 1916లో వచ్చిన నేషనల్ డిఫెన్స్ యాక్ట్‌తో మొదలైంది. రిటైరైన ఫౌజీలే ఉస్తాదులు. వర్దీలు సర్కారువి. ఉస్తాదుల తన్ఖాలో కొంత ఫౌజ్ ఇస్తుంది, మిగతాది బడి నెత్తిన పడుతుంది. 1964లో మరో చట్టం దీన్ని విస్తరించింది. ఇవాళ 3,000 పైచిలుకు హైస్కూళ్లలో ఉంది. ఇందులో చేరితే ఫౌజ్‌లో చేరి తీరాలనే షరతు లేదు. కానీ చేరినవాళ్లకు మొదట్లోనే పై ర్యాంకు దొరుకుతుంది. అందుకే ఇది తాలీమా, భర్తీయా అన్న బహస్ ఆగలేదు.

1925లోనే దీనికి ఖిలాఫ్‌గా ఒక కమిటీ వెలిసింది. పేరున్న ఫిలాసఫర్ జాన్ డ్యూయీ కూడా దానికి వత్తాసు పలికారు.

శాన్ ఫ్రాన్సిస్కో కథ ఇంకా దిల్‌చస్ప్. 2006 నవంబరులో అక్కడి స్కూల్ బోర్డు 4-2 ఓట్లతో ఈ ప్రోగ్రామ్ ఎత్తేయాలని ఫైసలా చేసింది. స్వలింగ సంపర్కులను ఫౌజ్ దూరం పెడుతోందన్నది ఒక ముఖ్య కారణం. అప్పుడు రోడ్డెక్కింది ఎవరు? ఆ క్లాసులో చదివే పిల్లలే! మాకు హిమ్మత్, దోస్తులు ఇక్కడే దొరికారన్నారు. 2008లో నగర ఓటర్లు కూడా దాన్ని ఉంచమన్నారు. 2009లో బోర్డు 4-3తో వెనక్కి తగ్గింది.

ఆ పిల్లల మాట అబద్ధం కాదు. ఇష్టపడి చేరినవాడికి ఫాయిదా ఉండొచ్చు. గొడవంతా జబర్దస్తీతోనే. 2022లో న్యూయార్క్ టైమ్స్ తహకీకాత్ చేస్తే, కొన్ని డజన్ల బడుల్లో ఏదో ఒక తరగతి పిల్లల్లో 75 శాతానికి పైగా ఇందులోనే ఉన్నారు. ఎందరినో అడగకుండానే చేర్చారు. ఆ బడుల్లో ఎక్కువ భాగం గరీబు, తెల్లవాళ్లు కాని పిల్లలు చదివేవే. అమీరుల పిల్లలకు మర్జీ, గరీబు పిల్లలకు హుకుమా? ఇదెక్కడి ఇన్సాఫ్?

అందుకే చెల్లెలికి ఒకటే చెప్పాను: తకరార్ వద్దు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాడి మర్జీ అడుగు. తర్వాత వద్దని బడికి రాసివ్వు. బచ్చా మనది, అడిగే హక్ మనది.