ఆన్‌లైన్ కంటెంట్ వ్యాపారానికి పవర్ ఆఫ్ అటార్నీ

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికల మీద వీడియోలు పెట్టి సంపాదించేవారు, ఆ వ్యాపార వ్యవహారాలు తమ తరఫున చూసుకునే అధికారాన్ని మరొకరికి రాతపూర్వకంగా అప్పగించే పత్రం ఇది. వాడుకలో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అనో, ఉత్తి ‘పవర్’ అనో అంటారు. పాత దస్తావేజుల్లో ముక్త్యారునామాగా కనిపిస్తుంది. ఇచ్చేవారు ప్రిన్సిపల్, పుచ్చుకునేవారు ఏజెంటు. బ్రాండ్లతో ఒప్పందాలు, బిల్లులు, బ్యాంకు పనులు, జీఎస్టీ, కాపీరైటు ఫిర్యాదులు అన్నీ దీని కిందికి వస్తాయి. అయితే పత్రం చేతికొచ్చినంత మాత్రాన ఛానెల్ లాగిన్ రాదు. లాగిన్ తెలిసినంత మాత్రాన ఒప్పందం మీద సంతకం పెట్టే హక్కూ రాదు. ఈ వ్యాపారంలో తగాదాలకు దారితీసేది ఎక్కువగా ఈ తేడాయే.

డెల్టాలో నేపథ్యం

గోదావరి డెల్టాకు జీపీఏ కొత్త కాదు. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు, అమెరికాలో స్థిరపడినవారు ఊళ్లోని పొలం, కొబ్బరితోట, ఇల్లు చూసుకోమని అన్నకో బావమరిదికో పవర్ రాసివ్వడం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకులు, కడియం నర్సరీలు, పులస పులుసు, పాపికొండల లాంచీ ప్రయాణం కూడా వీడియోలకు సరుకే. ఛానెల్ యజమాని ఉద్యోగానికి విదేశం వెళ్లినా, ఆసుపత్రి పాలైనా బాధ్యత ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

పొలం పవర్‌తో వచ్చే ఒక అపోహ ఛానెల్ విషయంలోనూ ఉంది. జీపీఏ రాస్తే ఆస్తి రాసినట్టు కాదు. సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ సంగతి తేల్చి చెప్పింది: జీపీఏ ద్వారా జరిపే అమ్మకాలతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదు. ఛానెల్ నడపమని పవర్ ఇచ్చినా అంతే, యాజమాన్యం ఇచ్చినవారిదే.

చట్టం

దీనికి మూలం 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని ఏజెన్సీ అధ్యాయం. ఏజెంటుకు జీతం గానీ కమిషన్ గానీ ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు (కాంట్రాక్టు చట్టం 185వ సెక్షన్). తమ్ముడు ఊరికే చేసిపెట్టినా ఏజెన్సీయే. ఏజెంటు సాధారణంగా తన అధికారాన్ని ఇంకొకరికి అప్పగించకూడదు (190), అడిగినప్పుడు లెక్కలు చూపాలి (213). యజమానికి తెలియకుండా సొంత లాభానికి బేరం కుదుర్చుకుంటే ఆ లాభం యజమానికి చెందుతుంది (216). బ్రాండు దగ్గర చాటుగా పుచ్చుకునే కమిషన్ ఈ కోవలోకే వస్తుంది.

ఫోనులో పుట్టి ఫోనులోనే నడిచే ఈ వ్యాపారానికి అధికారపత్రం మాత్రం కాగితం మీద ఉండాల్సిందే. 2000 నాటి ఐటీ చట్టం మొదటి షెడ్యూలు పవర్ ఆఫ్ అటార్నీని ఎలక్ట్రానిక్ పత్రాల జాబితా నుంచి మినహాయించింది. 2022లో చేసిన సడలింపు రిజర్వు బ్యాంకు, సెబీ వంటి నియంత్రణ సంస్థల పరిధిలోని సంస్థలకు ఇచ్చే పవర్లకే వర్తిస్తుంది. కాబట్టి పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ఎదుట సంతకం చేయడం మామూలు పద్ధతి. స్థిరాస్తి ప్రమేయం లేకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లడం తప్పనిసరి కాకపోయినా, కొన్ని బ్యాంకులు రిజిస్టర్డ్ పత్రమే కావాలంటాయి.

పత్రంలో ఏముండాలి

‘నా సమస్త వ్యవహారములు’ అని గంపగుత్తగా రాసిన జనరల్ పవర్ కంటే, పనులు విడివిడిగా చెప్పిన స్పెషల్ పవర్ ఈ వ్యాపారానికి నప్పుతుంది. దస్తావేజు భాషలో ఒక షరతు ఇలా ఉండొచ్చు:

“ఒక్కొక్కటి రూ.50,000 మించని ప్రకటన ఒప్పందములపై నా తరఫున సంతకము చేయుటకు, బిల్లులు పంపుటకు, సొమ్మును నా బ్యాంకు ఖాతాకు మాత్రమే రాబట్టుటకు మీకు అధికారమిచ్చితిని. ఛానెల్‌ను గానీ అందలి వీడియోల కాపీరైటును గానీ అమ్ముటకు, బదలాయించుటకు మీకు అధికారము లేదు.”

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. దానిపై యజమాని బదులు అధికారం పొందిన ఏజెంటు సంతకం చేసినా చెల్లుతుంది. పైగా కాలపరిమితి రాయకపోతే ఆ బదలాయింపును అయిదేళ్లకు ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది.

ప్రకటనల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఏజెంటు తన అధికార పరిధిలో కుదుర్చుకున్న ఒప్పందానికి యజమాని కట్టుబడాలి. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై హైదరాబాద్‌లో పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. ఏయే రకం ప్రకటనలు ఒప్పుకోకూడదో పత్రంలోనే పేర్లు పెట్టి రాయడం మేలు.

లాగిన్, ఓటీపీ

ఆదాయం వచ్చే యూట్యూబ్ ఛానెళ్లకు 2021 నవంబరు నుంచి రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. పాస్‌వర్డ్ చెప్పి విమానం ఎక్కినవారికి కువైట్‌లో అర్ధరాత్రి ఫోను మోగేది అందుకే: “అన్నయ్యా, ఓటీపీ వచ్చింది, చెప్పు.” ఈ బాధ లేకుండా యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్లు ఇచ్చే వీలుంది. మేనేజరు వీడియోలు పెట్టగలరు, ఇతరులను చేర్చగలరు, ఛానెల్‌ను తొలగించలేరు. ఎడిటర్ లిమిటెడ్ హోదా ఉన్నవారికి ఆదాయం లెక్కలు కనిపించవు. పత్రంలో రాసిన అధికారం, స్టూడియోలో ఇచ్చిన హోదా ఒకదానికొకటి సరిపోవాలి. ప్రకటనల ఆదాయం జమయ్యే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతా యజమాని పేరనే ఉంచితే పన్ను లెక్కల్లో ఆదాయం ఎవరిదన్న చిక్కు రాదు.

విదేశం నుంచి ఇచ్చేటప్పుడు

విదేశంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయంలో గానీ అక్కడి నోటరీ ఎదుట గానీ సంతకం చేసి అసలు పత్రాన్ని పంపుతారు. అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలని 1899 స్టాంపు చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది.

పిల్లల ఛానెళ్లు

ఏజెంటును నియమించుకోవాలంటే మేజరై ఉండాలి. అందువల్ల బాల తారలు తల్లిదండ్రులకు పవర్ రాసివ్వలేరు. తల్లిదండ్రులు సహజ సంరక్షకుల హోదాలోనే వ్యవహరిస్తారు. యాడ్‌సెన్స్ కూడా 18 ఏళ్లు నిండినవారికే ఖాతా ఇస్తుంది.

తెర మీద ఒకరు, తెర వెనుక ఒకరు

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన కర్రె మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున వంట చేస్తూ ప్రపంచానికి పరిచయమయ్యారు. 2016లో మొదలైన ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్‌ను నడిపింది మునిమనవడు లక్ష్మణ్, ఆయన మిత్రుడు శ్రీనాథ్ రెడ్డి. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి ఛానెల్‌కు 12 లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వకు పేరు తెచ్చిన ‘మై విలేజ్ షో’ వెనుక ఉన్నది అల్లుడు శ్రీకాంత్. 2020లో ఆమె బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్లారు. బయటితో సంబంధం లేకుండా, ఫోను లేకుండా వారాల తరబడి ఉండాల్సిన చోటు అది.

ఇలాంటి జట్లలో పవర్ ఎవరు ఎవరికి ఇవ్వాలన్నదే మొదటి ప్రశ్న. కాపీరైటు చట్టం వీడియోను సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్‌గా చూస్తుంది. దాని కర్త నిర్మాత, అంటే ఆ వీడియో తీయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్నవారు. తెర మీద కనిపించేవారికి దక్కేవి ప్రదర్శకుల హక్కులు. అందుచేత ముందు ఎవరి వాటా ఎంతో ఒక ఒప్పందం రాసుకుని, పవర్ ఆ తర్వాత రాసుకోవాలి.

రద్దు, మరణం

ఇచ్చిన పవర్‌ను యజమాని వెనక్కి తీసుకోవచ్చు. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉన్నప్పుడు మాత్రం కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ అడ్డొస్తుంది. రద్దు సంగతి తెలిసేదాకా ఏజెంటుకు గానీ బయటివారికి గానీ అది వర్తించదు (208). కాబట్టి రద్దు పత్రం రాసి ఊరుకోకుండా ఏజెంటుకు, బ్యాంకుకు, ఒప్పందం నడుస్తున్న ప్రతి బ్రాండుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. అదే రోజు స్టూడియోలో పర్మిషన్ తీసేసి, రికవరీ ఫోను నంబరు, మెయిల్ మార్చాలి.

యజమాని మరణంతో పవర్ ముగుస్తుంది. వారసులకు కొత్త హక్కులేవీ దాని ద్వారా రావు. అయితే వారసుల తరఫున వ్యాపారాన్ని కాపాడేందుకు తగిన చర్యలన్నీ తీసుకోవాల్సిన బాధ్యత ఏజెంటుకు ఉందని 209వ సెక్షన్ చెబుతుంది. మరణానంతర ఏర్పాటుకు వీలునామా రాయాలి. ఖాతాలోని డేటా కోసం గూగుల్ 2013లో తెచ్చిన ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. ఎన్ని నెలలు ఖాతా కదలకపోతే ఎవరికి కబురు వెళ్లాలో అందులో ముందే నమోదు చేసుకోవచ్చు. అలా పదిమంది దాకా పేర్లు ఇవ్వవచ్చు.