పిలక, పేనుకొరుకుడు, పాండిచ్చేరి నీళ్ళు

ఒర్లియంపేటలో బస్టాండు చుట్టుపక్కల ఉన్న ఏ సెలూన్లో కూర్చున్నా పది నిమిషాల్లో ఒక మాట వినబడుతుంది: "ఈ ఊరి నీళ్ళకి జుట్టంతా ఊడిపోతోందండీ." యానాం నుంచి చదువుకి వచ్చిన తెలుగు కుర్రాళ్ళూ అదే అంటారు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తమిళులూ అదే అంటారు. బోరు నీళ్ళలో ఉప్పు ఉందన్నది నిజమే. ఆ నీళ్ళు జుట్టును గరుకుగా, పీచులా చేస్తాయన్నదీ నిజమే. కానీ బట్టతల తెప్పిస్తాయన్నదానికి ఆధారం లేదు. అదే నీళ్ళు పోసుకునే ఆడవాళ్ళకి నడినెత్తి ఖాళీ కావడం లేదు కదా!

ఇక్కడ ఒక తేడా ముందుగా చెప్పుకోవాలి. మనకు కనిపించే వెంట్రుక చచ్చిన ప్రోటీను. ప్రాణం ఉన్నది చర్మం కింద ఉన్న కుదురులో. దువ్వెన, సబ్బు, ఎండ, ఉప్పునీళ్ళు చాలావరకు పాడుచేసేది వెంట్రుకని, కుదుర్ని కాదు. జుట్టు గురించి మనకున్న మూఢనమ్మకాల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

మగవాడి జుట్టు మీద అధికారం ఎవరిదన్న గొడవ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మదురైలో బ్రాహ్మణ వేషం వేసుకొని మతప్రచారం చేసిన రాబర్టు డి నొబిలి పుణ్యమా అని మన పిలక రోము దాకా వెళ్ళింది. 1623లో పోప్ 15వ గ్రెగొరీ జంధ్యం, పిలక, గంధం, స్నానం ఈ నాలుగింటినీ మూఢాచారం అంటకుండా ఉంచుకోవచ్చని తీర్పు ఇచ్చాడు. 1704లో పోపు దూత టూర్నాన్ ఇదే పాండిచ్చేరిలో కూర్చొని, కర్మకాండగా చేసే స్నానాలనీ నుదుటి విభూతినీ నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. 1860లలో ప్రొటెస్టంట్ల మధ్య మళ్ళీ అదే రగడ. పిలక మతచిహ్నమా, ఉత్త వేషమా అన్నదాని మీద ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. ఇంతమంది పండితులు ఇన్నేళ్ళు తగువులాడుకున్నారు గానీ, పిలక తలకేం చేస్తుందని ఎవరూ అడగలేదు.

అడగవలసిన ప్రశ్నే అది. జుట్టును రోజూ ఒకే చోట బిగించి లాగి కడితే కుదుళ్ళు దెబ్బతింటాయి. ఏళ్ళ తరబడి లాగితే అక్కడ ఇక మొలవదు. జుట్టు బిగించి కట్టుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలలో ఈ సంగతిని 1907లో వైద్యులు నమోదు చేశారు. తలపాగా కింద జుట్టు గట్టిగా ముడి వేసుకునే సిక్కులలో కూడా చూశారు. ఇవాళ కుర్రాళ్ళు రబ్బరు బ్యాండు వేసి బిగిస్తున్న ముడికీ ఇదే వర్తిస్తుంది. అలవాటు వల్ల నిజంగా జుట్టు పోయే కొద్ది సందర్భాలలో ఇదొకటి.

ఇక గుండు సంగతి. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని పుట్టువెంట్రుకల నాటి నుంచీ మన నమ్మకం. 1928లో అమెరికాలో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గీసిన వెంట్రుకల్ని కొలిచి చూసి, గీయడం వల్ల పెరుగుదల వేగంలో గానీ లావులో గానీ మార్పు లేదని తేల్చింది. కొన సన్నగా ఉండే వెంట్రుకని అడ్డంగా కోస్తే మొద్దుగా కనిపిస్తుంది, అంతే. మంగళవారం క్షవరం కూడదన్నదీ ఇలాంటిదే. నెలకు సుమారు సెంటీమీటరు పెరిగే జుట్టుకి వారాలు తెలియవు. పస్తు పడేది మాత్రం క్షురకుడు.

మరి బట్టతల ఎందుకొస్తుంది? నపుంసకులకు బట్టతల రాదని హిప్పొక్రటీసు పేరు మీద ఉన్న గ్రంథాల్లోనే ఉంది. రెండువేల ఏళ్ళ పైచిలుకు తరువాత, 1942లో జేమ్స్ హామిల్టన్ దాన్ని పరీక్షించి చూశాడు. యౌవనానికి ముందే వృషణాలు పోయిన వారికి బట్టతల రాలేదు. వారిలో వంశంలో బట్టతల ఉన్నవారికి పురుష హార్మోను ఇస్తే వచ్చింది, ఆపితే ఆగింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక ఎంజైము లోపంతో పుట్టిన వారి మీద పరిశోధన వెలువడింది. వారికీ బట్టతల లేదు. ఆ దారిలోనే వచ్చిన ఫినాస్టెరైడ్ మందుకి 1997లో అమెరికాలో బట్టతలకి అనుమతి దొరికింది. అంటే మూలం వంశంలో, హార్మోనులో ఉంది. హెల్మెట్లో లేదు, బోరు నీళ్ళలో లేదు.

నూనె సంగతి? కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి ప్రోటీను నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో రెలే, మొహిలే అనే ఇద్దరు చూపించారు. ఆ ఇద్దరూ పారాచూట్ నూనె అమ్మే మారికో కంపెనీ ఉద్యోగులు. అంతమాత్రాన ఫలితం అబద్ధం అయిపోదు, కానీ చదివేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి. అయినా వారు కొలిచింది వెంట్రుక నష్టాన్నే, కొత్త జుట్టు మొలవడాన్ని కాదు. చుండ్రు ఉన్నవాడు నూనె దట్టిస్తే, చర్మం మీది కొవ్వును తిని బతికే మలసీజియా అనే శిలీంధ్రానికి విందు చేసినట్టే.

షాంపూ అన్న మాట మనదేశపు 'చాంపో' నుంచే పుట్టింది. పాట్నా నుంచి వెళ్ళిన దీన్ మహమ్మద్ 1810ల్లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో దొరలకి తల, ఒళ్ళు మర్దించి ఆ మాటకి పేరు తెచ్చాడు. దాన్ని పేదవాడి గూట్లోకి చేర్చింది మన పక్కూరు. కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ వస్తువుల్ని చిన్న సాషేల్లో అమ్మాలని తలపెట్టాడు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. షాంపూతో జుట్టు ఊడుతుందని తిట్టేవాళ్ళకి ఒక లెక్క: రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు. వారానికోసారి తలంటుకునేవాడికి అవన్నీ ఒకేసారి చేతికొస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదమైనది పేనుకొరుకుడు. తెలుగులో పేను కొరికిందంటాం, తమిళంలో 'పుళువెట్టు' అంటే పురుగు కొరికిందంటారు. నిజానికి పేనూ లేదు, పురుగూ లేదు. మన శరీరపు రక్షణవ్యవస్థే పొరపాటున కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. మా వీధి కుర్రాడొకడికి రూపాయి బిళ్ళంత మచ్చ వస్తే, ఒక నాటువైద్యుడు గురివింద గింజ అరగదీసి రుద్దమన్నాడు. చర్మం పుండైంది. గురివిందలో ఉండే అబ్రిన్ మామూలు విషం కాదు. పుండు మీద, నోటి దగ్గర దానితో ఆటలాడకూడదు. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాక తగ్గింది. అసలు చిన్న మచ్చలు చాలామందిలో ఏడాది లోపు ఏ మందూ లేకుండానే పూడుకుంటాయి. ఆ పేరు మాత్రం గురివిందకీ, ఉల్లిపాయ రసానికీ, మొక్కుకీ పోతుంది. మంత్రగాడి పసరుకి కామెర్లు తగ్గాయనే లెక్క కూడా ఇదే.

జాగ్రత్త పడవలసినవి కొన్నే ఉన్నాయి. తడిజుట్టును తువ్వాలుతో బరబరా రుద్దొద్దు. తడిమీద సన్నదువ్వెన వద్దు. రంగు వేసుకునేవారు ముందు చెవి వెనక కొంచెం రాసి చూడాలి, అందులోని పి.పి.డి. కొందరికి మొహమంతా వాచేలా చేస్తుంది. సెలూన్లో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు అడగాలి, ఎందుకంటే హెపటైటిస్-బి జుట్టుకన్నా పెద్ద సమస్య.

మన దేశపు 1945 నాటి ఔషధ నియమావళిలో 'షెడ్యూల్ జె' అని ఒక జాబితా ఉంది. అందులోని జబ్బుల్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో బట్టతల ఉంది. అయినా పేపరు తిరగేస్తే ప్రకటనలే. మందు కాదు, ఉత్త నూనె అంటే సరి, సందు దొరుకుతుంది. మొదటి జీతంలో వేల రూపాయలు ఆ సీసాలకి పోసే కుర్రాళ్ళని ఈ పేటలోనే చూస్తున్నాను. బట్టతల వాడికి పిల్లనివ్వం అనే మన సమాజమే ఆ సీసాలకి అసలు ప్రచారకర్త. మూఢనమ్మకం కుదుట్లో లేదు, పెళ్ళిచూపుల్లో ఉంది. ముందు అక్కడ గీయాలి కత్తి.