యుబారి: బొగ్గు పోయింది, అప్పు మిగిలింది

జపాన్లో పల్లెలు ఖాళీ అవుతున్నాయన్నది మనకి కొత్త వార్తేం కాదు. ముసలివాళ్ళు ఎక్కువ, పిల్లలు తక్కువ, కుర్రాళ్ళంతా టోక్యోలో.. అంతే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, యుబారి సంగతి చదివేదాకా.

హొక్కైడో దీవిలో కొండల మధ్య ఊరిది. 1888లో ఇక్కడ బొగ్గు బయటపడింది. 1960 నాటికి జనాభా 1,16,908. ఆ తర్వాత జపాన్ బొగ్గు వదిలి చమురు వైపు తిరిగింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1981 అక్టోబరులో ఒక గనిలో గ్యాస్ ఎగదన్ని, నిప్పంటుకుని 93 మంది చనిపోయారు. ఆచూకీ తెలియనివాళ్ళు ఇంకా లోపల ఉండగానే, మంటలార్పడానికి గనిలోకి నీళ్ళు వదిలారు. 1990లో ఆఖరి గని కూడా మూసేశారు.

పని లేని చోట జనం ఎందుకుంటారు? వెళ్ళిపోయారు. అందులో ఎవరి తప్పూ లేదు. మరి ఊరు దివాలా ఎందుకు తీసింది?

1979 నుంచి 2003 దాకా మేయరుగా ఉన్న నకట తెత్సుజి "బొగ్గు నుంచి పర్యాటకానికి" అన్నాడు. బొగ్గు మ్యూజియం, వినోదాల పార్కు, హోటళ్ళు, 1990 నుంచి సినిమా ఉత్సవం. కంపెనీలు వదిలేసిపోయిన ఇళ్ళు, ఆసుపత్రి కూడా మునిసిపాలిటీ నెత్తినే పడ్డాయి. ఆదాయం చాల్లేదు, అప్పు చేశారు.

అసలు కిటుకు ఇక్కడుంది. అక్కడ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది గానీ, లెక్కలు మూయడానికి మే 31 దాకా గడువుంటుంది. ఆ రెండు నెలల్లో కొత్త ఏడాది డబ్బు తెచ్చి పాత ఏడాది బొక్క పూడ్చేవాళ్ళు. ఒక క్రెడిట్ కార్డు బాకీ ఇంకో కార్డుతో కట్టినట్టన్నమాట! కాగితం మీద అంతా బాగానే కనపడేది.

2006లో గుట్టు రట్టయింది. తీర్చాల్సింది సుమారు 3,530 కోట్ల యెన్లు. 2007లో ఊరి ఖజానా కేంద్రం అజమాయిషీ కిందకి వెళ్ళింది. ఉద్యోగులు సగానికి పైగా తగ్గిపోయారు. 171 పడకల ఆసుపత్రి 19 పడకల క్లినిక్ అయింది. లైబ్రరీ మూతపడింది. బళ్ళన్నీ కలిపేసి ఒక ప్రాథమిక పాఠశాల, ఒక మాధ్యమిక పాఠశాల మిగిల్చారు.

టోక్యో ప్రభుత్వోద్యోగిగా సాయానికొచ్చిన సుజుకి నవొమిచి 2011లో, 30 ఏళ్ళకే మేయరయ్యాడు. ఊరు మళ్ళీ పెరుగుతుందని ఆయన చెప్పలేదు. చెదురుమదురుగా ఉన్న జనాన్ని ఒకచోటికి చేర్చే పని మొదలుపెట్టాడు. 2016లో తానే ముందుకొచ్చి, రైలు తీసేయండి, బదులుగా బస్సులకి సాయం చేయండని రైల్వేని అడిగాడు. 2019లో రైలు ఆగిపోయింది. 2020 జనాభా లెక్కల్లో మిగిలింది 7,334 మంది.

నకట చెడ్డవాడని నేననను. ఊరిని బతికించాలనే తాపత్రయపడ్డాడు. కాకపోతే లక్షమంది ఊరు తిరిగొస్తుందన్న ఆశతో, ఉన్న కొద్దిమందినీ తాకట్టు పెట్టాడు. ఊరు చిన్నదైపోవడం విషాదమే, కానీ నేరం కాదు. ఆ సంగతి లెక్కల్లో దాచడమే నేరం. దాని వడ్డీ కట్టింది మాత్రం ఊరొదిలి పోయినవాళ్ళు కాదు, ఊరినే నమ్ముకుని ఉండిపోయిన ముసలివాళ్ళు.