రొయ్యల కూర వండిన చేతికి పేరేది?
(కూడు - కులం - చరిత్ర: 6వ భాగం)



ష్రింప్ క్రియోల్ అని ఒక కూరుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లీన్స్ నగరం దాని సొంతూరు. టమాటా గుజ్జులో రొయ్యలు, కింద వేడి అన్నం. దాని గురించి ఎవరు చెప్పినా ముందు ఫ్రెంచి వాళ్ల పేరు, తర్వాత స్పెయిన్ వాళ్ల పేరు చెప్తారు. మరి పొయ్యి ముందు నిలబడిందెవరు?

1719లో ఆఫ్రికా నుంచి బానిసల్ని మోసుకుని మొదటి ఓడలు లూసియానా చేరాయి. విత్తనాలకు వడ్లు తెండి, వరి పండించడం తెలిసిన మనుషుల్నీ తెండి అని ఆ ఓడల కెప్టెన్లకు ముందే చెప్పి పంపారు. అంటే దోచుకొచ్చింది ఒట్టి కండబలాన్ని కాదు, సేద్యం తెలిసిన బుర్రల్ని. 1724లో కోడ్ నోయిర్ అనే చట్టం తెచ్చి ఆ మనుషుల్ని సామాన్ల లెక్కలో రాసుకున్నారు. ఫ్రాన్స్ పోయి స్పెయిన్ వచ్చింది. 1803లో అమెరికా కొనుక్కుంది. దొరలు మారారు, గరిటె పట్టిన చెయ్యి మారలేదు.

ఈ కూర నేను ఇంట్లో వండుతుంటాను. రొయ్యల తలలూ పొట్టూ పారెయ్యను. నీళ్లలో మరిగించి వడకడతాను, అసలు రుచి అందులోనే ఉంటుంది. ఉల్లిపాయ, కాప్సికం, సెలెరీ నూనెలో మెత్తబడాలి. సెలెరీ దొరక్కపోతే కొత్తిమీర కాడలు వేస్తాను. వెల్లుల్లి, టమాటాలు, బిర్యానీ ఆకు, కారం వేసి, ఆ రొయ్యల నీళ్లు పోసి అరగంట సన్నమంట మీద ఉంచుతాను. రొయ్యలు ఆఖర్న, మూడు నాలుగు నిమిషాలే. పారేసేదాంట్లోంచి రుచి తియ్యడం బోటీ, తలకాయా వండుకున్న మన వాడలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

1900లో న్యూ ఆర్లీన్స్‌లో పికయూన్ అనే పత్రిక క్రియోల్ వంటల పుస్తకం వేసింది. పాతకాలం నల్లజాతి వంటమనుషులు కనుమరుగైపోతున్నారని ముందుమాటలో తెగ బాధపడింది. పుస్తకం మీద పేరు మాత్రం పత్రికదే. వంట కావాలి, వండిన మనిషి పేరు అక్కర్లేదు. ఇది మనకు కొత్తా?

ఆ పేరు రాసుకున్న మనిషి లీనా రిచర్డ్. నల్లజాతి స్త్రీ. 1939లో తన వంటల పుస్తకం తానే అచ్చేసుకుంది. మరుసటేడు పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. 1949లో టీవీలో తన పేరు మీదే వంట కార్యక్రమం చేసింది. ఆ ఊళ్లో ట్రాముల్లో నల్లవాళ్లకు వేరే సీట్లు 1958 దాకా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి.

రెండో మనిషి లియా చేజ్. ఆమె కుటుంబం 1941లో పెట్టిన డూకీ చేజ్ హోటల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చుని తిన్నారు. అప్పటికి అది చట్టానికి విరుద్ధం. పౌరహక్కుల ఉద్యమకారులు ఆమె వండింది తింటూనే పోరాటానికి ప్లాన్లు వేసుకున్నారు. 1960లో ఆ ఊరి విద్యార్థులు మెక్రోరీస్ స్టోర్‌లో తెల్లవాళ్ల లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని అరెస్టయ్యారు. 1963లో సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది.

సహపంక్తి భోజనాలతోనే కులం చావదని బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో తేల్చిచెప్పాడు. డూకీ చేజ్ చెప్పేదీ అదే. గోడ కూల్చింది కలిసి తిన్న ముద్ద కాదు, ఆ బల్ల దగ్గర కూర్చుని కట్టిన పోరాటం. మన దగ్గర నాయకులు వాడకొచ్చి, ఫొటోకి ఒక ముద్ద తిని పోతారు. ఆ ముద్ద వెనక ఏ పోరాటం ఉందో అడగండి.

ఇవాళ ఆంధ్రా చెరువుల రొయ్యలు ఓడలెక్కి అమెరికా పోతున్నాయి. ఐసు నీళ్లలో చేతులు మొద్దుబారేలా పొట్టు తీసే ఆడవాళ్ల పేర్లు ఏ ప్యాకెట్ మీదా ఉండవు. మీ ఇంట్లో, మీ వాడలో, మీ ఊరి రొయ్యల ఫ్యాక్టరీలో వంటా పనీ తెలిసిన అమ్మలూ అవ్వలూ ఎవరున్నారో వాళ్ల పేరు, వాళ్ల విద్య రాసిపెట్టండి. మనం రాయకపోతే రేపు అది కూడా దొర వారసత్వం అయిపోతుంది.

జై భీమ్.