అత్త కమ్మలు, మామ పండ్లు

రేయ్ అబ్బయా, వచ్చినకాణ్ణించి చూస్తా ఉండా. చెనక్కాయలన్నీ ఎడమ దవడకే తోస్తా ఉండావు. కుడి పక్క కింది పన్ను పీకించుకొని ఎన్నాళ్ళయింది? ఎనిమిది నెలలా! ఆ సందు ఇంగా అట్నే పెట్టుకొని ఉండావా? సరే, కూర్చో. ఆ కట్టె ఇంకొంచెం నెగడు లోపలికి తొయ్యి. మా మామ పండ్ల కత చెప్తా. పొడుగు కతే. ఈ ధనుర్మాసం చలిలో నీకు మాత్రం ఇంకేం పనుండాది, విను.

మామంటే మా అమ్మ తమ్ముడు. ఆరడుగుల మనిషి. మన చిత్తూరు పక్క ద్రౌపదమ్మ గుళ్ళ కాడ భారతం పెడతారు గదా, పద్దెనిమిది దినాలు, మధ్యాన్నం హరికత, రాత్రి నాటకం. అందులో మామది దుర్యోధనుడి వేషం. మైకు లేని కాలం. చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టుకొని ఆయన పద్యం ఎత్తుకుంటే ఊరవతల చెరుకుతోటలో నీళ్ళు కట్టేవాళ్ళకు గూడా వినపడేది. ఆఖరి దినం పొద్దున నేల మీద పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు, చూసినావు గదా. ఆ బొమ్మ చుట్టూ మామ, భీముడు తరుముకుంటా ఉంటే చంకలో పిల్లోళ్ళు గూడా ఏడుపు మానేసేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మామ నోటి వల్ల మా ఊరికే పేరొచ్చింది.

పండ్ల సంగతి చెప్పబోయి భారతంలో పడినా. మా కాలంలో పండ్లకు మర్యాద తక్కువరా. ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ బ్రష్షు లేదు. తెల్లారి బాయి గట్టు మీద కూర్చొని కానగపుల్లో, వేపపుల్లో నమలతా ఊరి సంగతులన్నీ తేల్చేవాళ్ళు. పుల్ల మంచిదే. చెరిపింది ఇటుకపొడి. తెల్లగా రావాలని రుద్ది రుద్ది, పన్ను మీది గట్టి పొరనే అరగదీసుకొనేవాళ్ళు. ఆడవాళ్ళకేమో వక్కాకు. మా అమ్మమ్మ యాభై ఏండ్లకే వక్కాకును చిన్న ఇనపరోట్లో దంచి వేసుకొనే కాడికి వచ్చింది.

పన్ను నొస్తే లవంగం. తగ్గకపోతే వాకుడు గింజల పొగ. నోటికి పొగ పట్టించి, గిన్నెలో ఉమ్మించి, ఇదిగో పురుగులు రాలినాయని చూపించేవాళ్ళు. మేమంతా తొంగి తొంగి చూసేవాళ్ళం. అవి గింజల తునకలు. పంటిని తొలిచే పురుగంటూ లేదని ఫ్రాన్సులో ఫొషార్ అనే పండ్ల వైద్యుడు 1728లోనే పుస్తకం రాసినాడు. ఆ మాట మా ఊరి దాకా రాలేదు. పొగకూ లొంగకపోతే సంతలో గోనెపట్ట మీద పీకిన పండ్లు కుప్ప పోసుకొని, పటకారు పెట్టుకొని కూర్చునే మనిషి ఉండేవాడు. పన్నుకు అర్ధరూపాయి. పీకడంతో సరి. పోయిన చోట ఇంకో పన్ను పెట్టించుకోవాలనే ఊహే ఎవరికీ లేదు.

1964లో, సంక్రాంతికి ముందర. గానుగకు పోయే చెరుకు బండి మోకు ముడి బిగుసుకొనింది. కొడవలి చేతికి అందేంత దూరంలోనే ఉండాది. మామ దాన్ని తీసుకోకుండా, వంగి ముడిని పండ్లతో పట్టినాడు. సరిగ్గా అప్పుడే ఎద్దులు కదిలినాయి. పై వరస నడిమి పండ్లు రెండూ వేర్లతో సహా ఊడి వచ్చేసినాయి. పండ్లూడగొట్టుకొనేదానికి ఏ రాయైతేనేమి అని సామెత. మామకు రాయి గూడా అక్కర్లేకపోయింది.

మా అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? ఆ రెండు పండ్లనూ కడిగి, పేడముద్దలో పెట్టి కొట్టం మీదికి విసిరింది. పాలపండ్లు ఊడినప్పుడు పిల్లోళ్ళకు చేసే పని అది. మామకు అప్పటికి ముప్పై రెండేండ్లు. కొడుకు ఆమెకు ఇంగా పిల్లోడే. ఇప్పుడైతే నువ్వు ఒకటి గుర్తు పెట్టుకో. దెబ్బకు ఊడిన పెద్ద పన్నును వేరు పట్టుకోకుండా ఎత్తి, పాలలో వేసుకొని గంట లోపల డాక్టరు దగ్గరికి పరిగెత్తితే, అదే గుంతలో మళ్ళీ నిలబెట్టే వీలుండాది. ఆ పొద్దు మా ఇంట్లో మూడు పాడావులు. చెంబు నిండా పాలుండాయి. ఆ సంగతి ఎవరికీ తెలీదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటాది.

పుత్తూరు కట్టు వేయించమని ఊళ్ళో సగం మంది చెప్పినారు. విరిగిన ఎముకలకు మద్రాసు నించి గూడా జనం పుత్తూరికి వచ్చి కట్టు వేయించుకొని పోతారు, నిజమే. పన్ను కట్టుకు అతుక్కునేది కాదు గదా.

నువ్వు నా దగ్గర అక్షరాలు దిద్దినప్పుడు చెప్పినా, మరిచిపోయి ఉంటావు. త థ ద ధ న, ఈ అయిదూ దంత్యాలు. నాలుక కొస పోయి పై పండ్ల వెనక తగలాల. ఆ పండ్లే లేకపోతే దుర్యోధనుడనే పేరులో ఏం మిగులుతాది చెప్పు? ఆ ఏడు వేషం ఇంకొకరు కట్టినారు. మామ నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని, తెర వెనక హార్మోనియం పక్కన తెల్లవార్లూ కూర్చున్నాడు. నాకు పదహారేండ్లు. ఆయన పక్కనే కూర్చున్నా. పద్యాలన్నీ పెదాలతో అంటానే ఉండాడు, గొంతు మాత్రం బయటికి రాలేదు.

తరవాత చిత్తూరులో ఒకాయన అచ్చు తీసి, అంగిట్లో అతుక్కొనే ఎర్రబిళ్ళకు రెండు పండ్లు పెట్టి ఇచ్చినాడు. నలభై రూపాయలు. కట్టుడు పండ్లు రబ్బరు పోయి ప్లాస్టిక్కులోకి వచ్చిన కాలం. మాట కొంచెం కుదిరింది. రాగిసంగటి మింగేదే గనక దానికీ ఇబ్బంది లేదు. పెండ్లి పంక్తిలోనే వచ్చింది కష్టం. ఓళిగ కొరికితే బిళ్ళ లేచిపోతాదని, తీసి ఆకు అంచు కింద దాచినాడు. పక్కాయనతో మాటల్లో పడి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆకులెత్తేవాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేసినారు. లాంతరు పెట్టుకొని, కుక్కల్ని తోలుకుంటా, ఎంగిలాకుల కుప్పంతా నేనూ ఇంకో నలుగురూ వెతికినాము. దొరకలా. మామ ఆ తరవాత ఎనిమిదేండ్లు పెండ్లిళ్ళకు పోలేదు.

1972లో మద్రాసుకు పిలుచుకొని పోయినాము. అక్కడ 1953 నించే పండ్ల డాక్టర్ల కాలేజీ ఉండాది. చైనా నించి వచ్చి తాత, తండ్రి, కొడుకు వరసగా పండ్ల పనే చేసే ఇండ్లు గూడా ఉండేవి. మేము పోయిన డాక్టరు మామ నోరు చూసి, బ్రిడ్జి కడతానన్నాడు. కూవం నది మీద చూసినామే, అట్టాంటిదా అన్నాడు మామ. అట్టాంటిదే. సందుకు అటూ ఇటూ ఉండే పండ్లను చుట్టూ అరగదీసి తొడుగులు తొడగతారు. లేని పండ్లు ఆ తొడుగులకే అతుక్కొని మధ్యలో ఉంటాయి. అంతా ఒకటే ముక్క. సిమెంటుతో అంటిస్తే తీసే పని లేదు, పెట్టే పని లేదు. ఇటలీలో ఎట్రుస్కన్లు అనే జనం 2,500 ఏండ్లకు ముందే బంగారు రేకుతో ఈ పని చేసినారంట.

మామ కుర్చీలోంచి లేచినాడు. “బాగుండే పండ్లను అరగదీసేది ఏం న్యాయం సామీ?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పటికీ బ్రిడ్జికి ఉండే పెద్ద లోపం అదే. డాక్టరు కోపం చేసుకోకుండా కూర్చోబెట్టి చెప్పినాడు. పన్ను పోయిన చోట సందు ఊరికే ఉండదు, పక్క పన్ను అందులోకి వాలతాది, ఎదుటి పన్ను దిగతాది, కింద ఎముక కరగతాది అని. ఇంకో మాట గూడా చెప్పినాడు. మోసే పండ్ల వేర్లు పోయిన పండ్ల వేర్లకు తీసిపోకూడదని యాంటే అనే ఆయన 1926లో సూత్రం పెట్టినాడు. మామకు పోయినవి పెద్దవి, వాటి పక్కవి చిన్నవి. “రెండు దూడలకు చెరుకు బండి కడతామా? కోరపండ్లను గూడా కలుపుదాం, వాటి వేరే అన్నింటికన్నా పొడుగు” అన్నాడు. ఆ మాటతో మామకు తెలిసిపోయింది. బండి సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్నా!

అంటే ఆరు పండ్ల వంతెన. లోపల బంగారం, ముందర తెల్లటి పూత. బంగారం మీరే తెచ్చుకోండన్నాడు డాక్టరు. సవరం నూటయాభై పైన పలికే కాలం. అత్త ఒక్క మాట అనలేదు. చెవులకుండే కమ్మలు, దాచుకొన్న ఉంగరం తీసి మామ చేతిలో పెట్టి, వేపపుల్ల తునకలు చెవులకు పెట్టుకొనింది. ఆ ఏడు భారతంలో మామ తెర తీసుకొని వచ్చి దుర్యోధనుడని పేరు చెప్పుకుంటే, ఆడవాళ్ళ వరసలో నించి ఎవరో “అదిగో, కమ్మలు మాట్లాడతా ఉండాయి” అనింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, ఏడ్చింది.

పంతొమ్మిదేండ్లు నిలిచింది ఆ వంతెన. పోయింది పైన గాదు, కింద. బ్రిడ్జి అడుగున చిగురు కాడ సన్న బ్రష్షుతో దినామూ కడగాలని డాక్టరు చెప్పినాడు. మామ పైపైన తోమి వచ్చేవాడు. తొడుగు కిందనే కోరపన్ను పుచ్చింది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు చూసినాము గదా, వంతెన పలక గట్టిగానే ఉంటాది, నీళ్ళు కాళ్ళ కింద మట్టిని కోసుకొని పోతాయి.

నీది ఒక్క పన్నే, మూడు పండ్ల బ్రిడ్జితో పోయేది. లోహం మీద పింగాణి కాల్చి చేసినవి ఉండాయి, జిర్కోనియావి ఉండాయి. పక్క పండ్లు చెక్కు చెదరకుండా ఉంటే వాటిని కొయ్యకుండా ఎముకలో టైటానియం మర దించే ఇంప్లాంటు మేలంటారు, ఖర్చు జాస్తి. ఏది నప్పుతాదో చూసినోళ్ళు చెప్పాల. తిరుపతిలో రేణిగుంట దారిలో పండ్ల డాక్టర్ల కాలేజీనే ఉండాది. సోమవారం తెల్లారి బస్సుకు పోదాం, నేనూ వస్తా. ఎనిమిది నెలల్లో వెనక పన్ను ఎంత వాలిందో ఏమో.

మామ వంతెన కోసి తీసినప్పుడు డాక్టరు ఆ బంగారాన్ని పొట్లం కట్టి ఇచ్చినాడు. మామ ఇంటికి గూడా రాకుండా నేరుగా చిత్తూరు బజారులో ఆచారి దగ్గరికి పోయి, కరిగించి, అత్తకు మళ్ళీ కమ్మలు చేయించినాడు. అత్త పోయినాక అవి కూతురికి వచ్చినాయి. మామ కూతురు ఎవరనుకున్నావు? అదిగో, లోపల దీపం పెడతా ఉండాది మీ అవ్వ. చెవులు చూడు.